పగటి వెలుతురు తీసేస్తే రోహిణి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట వినని తెలుగువాళ్లు ఉండరు. ఆ రోహిణిని చూపించమంటే మాత్రం చెయ్యి ఎటు ఎత్తాలో చాలామందికి తోచదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ 8 దాకా నడిచే ఆ కార్తెలో సూర్యుడు రోహిణి ఉన్న దిక్కులోనే ఉంటాడు. ఆ చుక్క ఆయనతోపాటే పొడుస్తుంది, ఆయనతోపాటే కుంకుతుంది. సూర్యుడు ఏ నక్షత్రం పక్కన ఉంటే ఆ పదమూడు, పద్నాలుగు రోజులకూ ఆ పేరు పెట్టారు మన పెద్దలు. కార్తె అంటే అదే. కాబట్టి రోహిణి కార్తెలో ఎంత వెతికినా కనబడని చుక్క ఏదైనా ఉందంటే అది రోహిణే.

పగటి వెలుతురును తీసేసి, సూర్యుణ్ణి మాత్రం ఉన్నచోటే ఉంచగలిగితే? సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిన ఆ కొద్ది నిమిషాలు ప్రకృతి తనంతట తాను ఆ పని చేస్తుంది. మిగతా రోజుల్లో చేయగలిగేది ప్లానెటోరియమే. నేను కంప్యూటర్లో తేదీ జూన్ 1, సమయం మిట్టమధ్యాహ్నం అని పెట్టి, వాతావరణాన్ని తీసేసే మీట నొక్కుతాను. నీలం పోయి ఆకాశం నల్లబడుతుంది. నడినెత్తికి దగ్గరగా సూర్యుడు వెలుగుతూనే ఉంటాడు. ఆయన పక్కన ఎర్రటి రోహిణి, కాస్త పడమరగా కృత్తికలు. మన పల్లెల్లో పిల్లలకోడి అంటారే, ఆ గుంపు. పిల్లలు గట్టిగా అరుస్తారు. వెనక కూర్చున్న ఊరి పెద్దలు ఏమీ మాట్లాడరు. వాళ్ల నోట ఏళ్లుగా నానిన పేరు కళ్ల ముందు చుక్కై నిలబడేసరికి కలిగే ఆ మౌనం నాకు చాలా విలువైనది.

గుంటూరు చుట్టుపక్కల జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఒక గాలి డోము వ్యానులో వేసుకుని బడులకు తిరుగుతున్నాను. అయిదు మీటర్ల వ్యాసం, బయట నల్లగా, లోపల బూడిద రంగులో ఉండే గుడ్డ. ఒక బ్లోయర్ గాలి కొడుతూ ఉంటే పావుగంటలోపే నిలబడుతుంది. పిల్లలు దాన్ని బెలూన్ అంటారు. చెప్పులు బయట విడిచి, వంగి, గుడ్డ సొరంగంలోంచి ఒక్కొక్కరే లోపలికి వస్తారు. పాతికమంది గుండ్రంగా కూర్చోవచ్చు. అంతకంటే ఎక్కువమందిని కూర్చోబెట్టమని హెడ్మాస్టర్లు బతిమాలతారు గానీ నేను ఒప్పుకోను. గాలి చాలదు, పైగా వెనకవాళ్లకు సగం ఆకాశమే కనిపిస్తుంది. ఆకాశం అంటే చుట్టూ ఉండాలి.

బ్లోయర్ ఆగకూడదు. ఆగితే డోము పైనుంచి మెల్లగా కిందికి దిగుతుంది. గుడ్డ తేలిక కాబట్టి ప్రమాదం లేదు, కానీ చీకట్లో చిన్నపిల్లలు బెదిరిపోతారు. అందుకే యూపీఎస్ లేకుండా వ్యాను కదలదు. వ్యాను నడిపే తమ్ముడు ఆట సాగినంతసేపూ బ్లోయర్ పక్కనే ఉంటాడు. ఒంటిపూట బడులు మొదలయ్యాక పొద్దున ఎనిమిదింటికల్లా మొదలుపెట్టి పదిన్నరకు ముగిస్తాం. ఆ తర్వాత నల్లగుడ్డ కింద కూర్చోవడం కష్టం.

మధ్యలో ప్రొజెక్టరు, దానికి ఫిష్‌ఐ లెన్సు. ఆ లెన్సే ఖరీదు. అది కొనలేని బడులకు ఇంకో దారి ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన పాల్ బర్క్ అనే ఆయన రూపొందించిన పద్ధతి అది. మలుపుల దగ్గర రోడ్డు పక్కన పెట్టే కుంభాకార దర్పణంలాంటిది తీసుకుని, తరగతి గదిలో వాడే మామూలు ప్రొజెక్టరు వెలుగును దాని మీద పడేసి డోము నిండా పరుస్తారు. అద్దం మీద బొమ్మ వంకర పోకుండా సాఫ్ట్‌వేర్ ముందే సరిచేస్తుంది. ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. సైన్సు టీచర్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

పెద్ద నక్షత్రశాలల చరిత్ర 1923లో మొదలైంది. జర్మనీలోని యేనా ఊరి జైస్ కంపెనీ ఇంజినీరు వాల్తర్ బావర్స్‌ఫెల్డ్, నక్షత్రాలను డోము మీదకి విసిరే యంత్రాన్ని తయారుచేసి ఆ ఏడాది మ్యూనిక్ మ్యూజియంలో చూపించాడు. మన హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియాన్ని 1985 సెప్టెంబరులో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. మరికొన్ని నెలల్లోనే హాలీ తోకచుక్క వచ్చింది. మా తరం సైన్సు టీచర్లకు విహారయాత్ర అంటే చార్మినారుతోపాటు ఆ కొండా ఎక్కడమే. నేను ఆకాశం గురించి మాట్లాడే ధైర్యం తెచ్చుకున్నది ఆ కుర్చీల్లో వెనక్కి వాలి కూర్చున్నప్పుడే.

ఈ పనిలో నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. రికార్డు చేసిన సినిమా పెట్టి పక్కకు తప్పుకోవడం ప్లానెటోరియం నడపడం కాదు. కృష్ణబిలాలు పేలే శబ్దాలు, దద్దరిల్లే సంగీతం ఉన్న సినిమాలు నా దగ్గరా ఉన్నాయి. పిల్లలు కేరింతలు కొడతారు, బయటికొచ్చి మరిచిపోతారు. మనిషి మాట్లాడాలి. ఇవాళ రాత్రి, ఈ ఊళ్లో, ఈ బడి గ్రౌండులో నిలబడితే ఏం కనిపిస్తుందో చెప్పాలి. పిల్లవాడు మధ్యలో చెయ్యెత్తితే ఆగి వాడడిగింది చూపించాలి.

లోపలికి రాగానే చీకటి చేయను. సాయంత్రంతో మొదలుపెట్టి, మూడు నాలుగు నిమిషాల మీద సూర్యుణ్ణి దించుతాను. చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఒక్క సెల్‌ఫోను వెలిగితే మళ్లీ మొదటికే. ఆ సాయంత్రంలో నేను చెప్పేది చుక్కల గురించి కాదు, దిక్కుల గురించి. మీ వంటగది ఎటు, గుడి ఎటు, చెరువు ఎటు అని అడిగి, డోములో ఉత్తరం ఎటో వాళ్లచేతే పట్టిస్తాను. తర్వాత చెయ్యి చాపి పిడికిలి పట్టమంటాను. చాపిన చేతి పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. గుంటూరు అక్షాంశం 16 డిగ్రీల పైచిలుకు. కాబట్టి ధ్రువనక్షత్రం ఉత్తరాన నేలకు ఒకటిన్నర పిడికిలి ఎత్తులో ఉంటుంది. శ్రీకాకుళంలో కొంచెం పైకి, తిరుపతిలో కొంచెం కిందికి. ఆ ఒక్క కొలత పట్టుబడితే డోము లేకపోయినా పిల్లలకు ఆకాశం దారి తెలిసినట్టే.

కోనసీమలో ఒక పిల్ల అడిగింది, “టీచర్, మా నాన్న కువైట్‌లో ఉన్నాడు. ఈ చుక్కలు అక్కడా కనిపిస్తాయా?” వెంటనే డోమును కువైట్‌కి తీసుకెళ్లాను. ఊరు పేరు మార్చగానే ధ్రువుడు పైకి లేచాడు, దాదాపు మూడు పిడికిళ్ల ఎత్తుకు. దక్షిణాన మన దగ్గర రెండు పిడికిళ్ల ఎత్తు దాకా వచ్చే అగస్త్య నక్షత్రం అక్కడ ఒక పిడికిలి కూడా లేవలేదు. కనిపిస్తుంది గానీ నేలను అంటుకుని. మరి న్యూజెర్సీలో మా బాబాయికో, అని ఇంకొకడు. అక్కడ అగస్త్యుడు అసలు పొడవడు. భూమి గుండ్రంగా ఉందని పుస్తకంలో చదివిన పిల్లలు, తమవాళ్లు ఒక్కొక్కరూ ఆ గుండ్రం మీద ఎక్కడ నిలబడ్డారో ఆ పూట చూశారు. ఆకాశం ఊరికో తీరుగా ఉండటం కంటే మంచి రుజువు నేను చూపించలేను.

పెద్దలూ పిల్లలూ అందరూ అడిగేది మాత్రం, “నా నక్షత్రం ఏది?” గుళ్లో అర్చనకు గోత్రమూ నక్షత్రమూ చెప్పే అలవాటున్న ఇళ్లలో ఆరో తరగతి పిల్లకైనా తన నక్షత్రం పేరు తెలుసు. దాన్ని చూసి ఉండదు. పుట్టిన రోజున చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడో అది జన్మ నక్షత్రం. చంద్రుడు ఆకాశం చుట్టూ ఒక తిరుగుడు తిరగడానికి 27 రోజుల పైన కొన్ని గంటలు పడుతుంది, అందుకే ఆ దారిలో 27 నక్షత్రాలు. ఆ పట్టింపు లేని ఇళ్ల పిల్లలు ఉంటే పుట్టిన తేదీ అడిగి, ఆ రాత్రికి ఆకాశాన్ని వెనక్కి తిప్పి చంద్రుణ్ణి చూపిస్తాను. సలీమైనా, మేరీ అయినా ఆనాటి చంద్రుడి పక్కన ఏ చుక్క ఉందో చూసుకుని మురిసిపోతారు.

అప్పుడు దూరాల సంగతి ఎత్తుతాను. శ్రవణం మనకు సుమారు 17 కాంతి సంవత్సరాల దూరం. అంటే ఈ రాత్రి కంట్లో పడే వెలుగు 17 ఏళ్ల కిందట అక్కడ బయల్దేరింది. పదో తరగతి పిల్లలకంటే ఓ ఏడాది, రెండేళ్లు పెద్దది. స్వాతి 37, వాళ్ల అమ్మ వయసు. రోహిణి 65, నాయనమ్మ వయసు. చిత్త దాదాపు 250. ఆ వెలుగు బయల్దేరిన నాటికి గుంటూరు ఇంకా ఇంగ్లీషువాళ్ల చేతికి రాలేదు. కాంతి సంవత్సరం అన్న మాటను బోర్డు మీద రాసి చెప్పినన్నాళ్లూ పిల్లలు దాన్ని కాలం అనుకునేవాళ్లు. వయసులతో చెప్పాక ఎవరూ తడబడలేదు.

మూలా నక్షత్రం దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఆడపిల్లది మూల అంటే పెళ్లి సంబంధాల దగ్గర మొహం చిట్లించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తన నక్షత్రం చెప్పమంటే తల దించుకునే పిల్లలను చూశాను. అలాంటి పిల్లకు వృశ్చికం తోక చూపించి, దాని పక్కనే పాలపుంత అన్నిటికంటే దట్టంగా ఉన్న చోటు చూపిస్తాను. మన పాలపుంత నడిమధ్య అటే. 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో, 40 లక్షల సూర్యుళ్లకు మించిన ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం అక్కడుంది. దాని చుట్టూ తిరిగే చుక్కలను ఏళ్లతరబడి వెంటాడి ఆ సంగతి తేల్చిన ఆండ్రియా గెజ్, రైన్‌హార్డ్ గెంజెల్‌లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. 2022 మేలో దాని ఛాయాచిత్రం కూడా ప్రపంచం చూసింది. నువ్వు పుట్టిన రోజున చంద్రుడు ఆ దిక్కులో ఉన్నాడమ్మా అని చెబుతాను. జాతకం నమ్మాలా వద్దా అని డోములో వాదన పెట్టను గానీ దాచను కూడా. చంద్రుడు అక్కడ ఉన్నమాట నిజం. ఆ చుక్క ఏ ఇంటికైనా కీడు చేస్తుందనడానికి ఆధారం లేదు. రెండూ ఒకే గొంతుతో చెబుతాను.

సంక్రాంతి ముందు వెళ్లిన బడుల్లో ఉత్తరాయణం గురించి అడుగుతారు. దీనికి డోము కంటే ముందు జెండా కర్ర పనికొస్తుంది. మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలవమంటాను. డిసెంబరు 22న గుంటూరులో ఆరు మీటర్ల కర్రకు నీడ దాదాపు అయిదు మీటర్లు. ఏడాదిలో అదే పొడుగు. జనవరి 14కల్లా ముప్పై సెంటీమీటర్లకు పైగా తగ్గిపోయి ఉంటుంది. అంటే సూర్యుడు ఉత్తరానికి మళ్లి అప్పటికే మూడు వారాలు దాటింది. మే మొదటి వారంలో ఒకనాడు, ఆగస్టు మొదటి వారంలో ఇంకోనాడు ఆ నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుని మాయమవుతుంది. హైదరాబాదుకు ఆ రోజులు మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో వస్తాయి.

మరి పండగ జనవరిలో ఎందుకు? డోములో కాలాన్ని వెనక్కి తిప్పితే జవాబు కనిపిస్తుంది. భూమి బొంగరంలా తిరుగుతూనే దాని అక్షం చాలా నెమ్మదిగా సోలుతుంది. ఒక్క సోలుకు సుమారు 25,800 ఏళ్లు. దానివల్ల రుతువులకూ నక్షత్రాలకూ మధ్య 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున తేడా పెరుగుతుంది. 17 వందల ఏళ్ల వెనక్కి వెళితే సూర్యుడు మకరంలో అడుగుపెట్టిన రోజూ, ఉత్తరానికి మళ్లిన రోజూ ఒక్కటే. ఇప్పుడు అవి విడిపోయాయి. పండగ నక్షత్రాల లెక్కను పట్టుకుంది, నీడ రుతువుల లెక్కను పట్టుకుంది. ఇంకా వెనక్కి తిప్పితే ధ్రువుడే స్థానం తప్పుతాడు. కదలనివాడని పేరున్న చుక్క పక్కకు జరిగిపోవడం చూసి పిల్లలు మొదట ఒప్పుకోరు, మళ్లీ తిప్పమంటారు. మళ్లీ తిప్పుతాను.

దీన్ని చూసిన ఒక రైతు, “అయితే టీచరమ్మా, మా కార్తెలు కూడా జరిగిపోతున్నట్టేగా?” అన్నాడు. జరుగుతున్నాయి. 72 ఏళ్లకు ఒక రోజు. మనిషి జీవితంలో పట్టుబడదు. వెయ్యేళ్లకు పద్నాలుగు రోజులు, అంటే ఒక కార్తె మొత్తం. ఆయనడిగిన ప్రశ్న కంటే మంచి ప్రశ్న నేను ట్రైనింగ్ క్లాసుల్లో కూడా వినలేదు.

ఇంతా చేసి డోము ఒక ఏర్పాటు మాత్రమే. బయటి ఆకాశం బాగా పాడైపోయింది. ఎల్‌ఈడీ వీధి దీపాలు వచ్చాక చిన్న ఊళ్లలో కూడా పాలపుంత కనబడటం లేదు. పంచాయతీ వాళ్లను నేను అడిగేది దీపాలు తీసేయమని కాదు. వెలుగు నేల మీద పడేలా పైన మూత పెట్టమని. ఒప్పుకున్న చోట, వీలున్నప్పుడు సాయంత్రం దాకా ఉండి బడి గ్రౌండులో టెలిస్కోపు పెడతాం. డోములో చూసిన చుక్కను పిల్లలు పైన వాళ్లంతట వాళ్లు పట్టుకున్నాకనే నా పని అయినట్టు.

గ్రహణాల గురించి ఎక్కడికి వెళ్లినా అడుగుతారు. గుంటూరు పిల్లలకు నేను 1868 ఆగస్టు 18 ఉదయాన్ని చూపిస్తాను. ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త మన గుంటూరుకే వచ్చి, ఆ పొద్దున సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వర్ణపటదర్శినితో చూశాడు. అయిదు నిమిషాలకు పైగా చీకటి. సూర్యుడి అంచున ఎగిసే మంటల వెలుగులో మెరిసే గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు తట్టింది. మర్నాడు పొద్దున్నే చూశాడు కూడా. ఆ వెలుగులోని ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తరువాత ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ తేల్చాడు. అదే హీలియం. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా పట్టింది. డోములో ఆ తేదీ పెట్టి పగటి వెలుతురు తీసేస్తే, సూర్యుడి పక్కనే మఖ నక్షత్రం కనిపిస్తుంది. ఆ రోజుల్లో నడుస్తున్నది మఖ కార్తె.

అంత చరిత్ర ఉన్న నేల మీద 1980 ఫిబ్రవరి 16న మేము తలుపులు మూసుకుని కూర్చున్నాం. అప్పుడు నేను హైస్కూలు పిల్లను. శనివారం మధ్యాహ్నం. మా నాయనమ్మ పచ్చడి జాడీల మీద దర్భలు వేసి, మమ్మల్ని మధ్య గదిలో కూర్చోబెట్టింది. అదే వేళకు హైదరాబాదు దగ్గర జాపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు సంపూర్ణ గ్రహణాన్ని కొలుస్తున్నారు. నాయనమ్మ మీద నాకు కోపం లేదు. ఎలా చూడాలో ఆమెకు చెప్పినవాళ్లు లేరు, కళ్లు పోతాయన్న భయంలో కొంత నిజమూ ఉంది. ఆ నిజాన్ని విడదీసి చెప్పేవాళ్లు ఊరికి ఒకరుంటే మా గది తలుపు తెరుచుకునేది.

2027 ఆగస్టు 2 సాయంత్రం మన దగ్గర పాక్షిక సూర్యగ్రహణం కనిపిస్తుంది. ఈజిప్టు, సౌదీల్లో సంపూర్ణంగా పట్టే గ్రహణం అది. ఆ రోజు సోమవారం, బడి ఉండే రోజు. వెళ్లిన ప్రతి బడిలో హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి ఈ తేదీ రాసి ఇస్తున్నాను. పిల్లల్ని గదుల్లో పెట్టి తలుపులు వేయకండి. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజుముక్కలు ఇవ్వకండి. ఐఎస్ఓ 12312-2 అని ముద్ర ఉన్న గ్రహణం కళ్లద్దాలు కొన్ని చాలు, వంతులవారీగా చూస్తారు. అవీ లేకపోతే అట్టముక్కకు గుండుసూదితో చిల్లు పొడిచి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, తెల్ల కాగితం మీద పడే బొమ్మను చూడమనండి. కొరికిన చందమామలాంటి చిన్న సూర్యుడు అందులో కనిపిస్తాడు. ఆ వేళకు సూర్యుడు కిందికి వాలి ఉంటాడు కాబట్టి, గ్రౌండులో పడమటి వైపు చెట్లూ మేడలూ అడ్డం రాని జాగా ఇప్పుడే చూసి పెట్టుకోండి.